ప్లాస్టిక్ డీజిల్ కథ మలుపు తిరిగింది 2022లో

డంపింగ్ యార్డులో ప్లాస్టిక్‌ని డీజిల్ చేసేస్తే చెత్త గొడవా తీరుతుంది, ఆయిల్ ఖర్చూ తగ్గుతుందన్న మాట విజయనగరంలో మళ్ళీ వినిపిస్తోంది. ఆ పద్ధతి పేరు పైరోలిసిస్, అంటే గాలి తగలకుండా ప్లాస్టిక్‌ని బాగా వేడిచేసి ఆయిల్‌గా మార్చడం. నా లెక్కలో అసలు మలుపు 2022 ఫిబ్రవరి 16.

ఆ రోజు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్యాకెట్లు అమ్మే కంపెనీలే ఆ చెత్తకు బాధ్యత వహించాలి. రీసైక్లింగ్‌కి పనికిరాని ప్లాస్టిక్‌ని ఆయిల్‌గా మార్చినా లెక్కలోకి వస్తుంది, మార్చినవాళ్ళకి సర్టిఫికెట్, తమ బాధ్యత తీర్చామని చూపించుకోవాల్సిన కంపెనీలకి దాన్ని అమ్ముకోవచ్చు. అంటే ఆయిల్ సరిగా రాకపోయినా కాగితం మీద ఆదాయం ఉంటుంది. మరుసటి ఏడాది తనిఖీల్లో సుమారు 6 లక్షల దొంగ సర్టిఫికెట్లు బయటపడ్డాయి, అవి రీసైక్లింగ్ యూనిట్లవే అనుకోండి, కానీ కాగితానికి రేటు కడితే ఏమవుతుందో తెలిసొచ్చింది. విచిత్రం ఏమిటంటే అదే 2022 జులైలో, పైరోలిసిస్ ఆయిల్ కోసం పాత టైర్లు దిగుమతి చేసుకోవడాన్ని కేంద్రమే నిషేధించింది.

ప్లాంటు కావాలనేవాళ్ళు చూపించేది డెహ్రాడూన్. అక్కడి భారతీయ పెట్రోలియం సంస్థ, ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గెయిల్‌తో కలిసి 2019లో పెట్టిన ప్లాంటు లెక్క రోజుకి టన్ను ప్లాస్టిక్‌కి 800 లీటర్ల డీజిల్. అబద్ధమేం కాదు, కాకపోతే ఆ టన్నులో ఏముందన్నదే ప్రశ్న. పాలిథిన్, పాలీప్రొపిలీన్ (క్యారీబ్యాగులు, బకెట్ల లాంటివాటి ప్లాస్టిక్) శుభ్రంగా, పొడిగా వస్తే ఆయిల్ బాగానే దిగుతుంది. పీవీసీ (నీళ్ళ పైపుల ప్లాస్టిక్) కలిసిందంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్ పుట్టి ప్లాంటు గొట్టాల్ని తినేస్తుంది, పెట్ అనే ప్లాస్టిక్‌తో చేసే కూల్‌డ్రింకు సీసాలతో ఆయిల్ పెద్దగా రాదు, తడి ఉంటే చాలా వేడి నీళ్ళు ఆవిరి చేయడానికే పోతుంది, పైగా కెటలిస్టు (ప్లాస్టిక్ ఆయిల్‌గా మారడాన్ని వేగం చేసే పదార్థం) మీద కార్బన్ పేరుకుని అది పనిచేయడం మానేస్తుంది.

మన దగ్గర బకెట్లు, కుర్చీలు, సీసాలు యార్డు దాకా రానే రావు, తుక్కు కొట్లవాళ్ళు ముందే కొనేస్తారు. మిగిలేవి అల్యూమినియం పొర ఉన్న చిప్స్ ప్యాకెట్లు, గుట్కా కవర్లు, సాంబారు అంటిన క్యారీబ్యాగులు. (సిరిమానోత్సవం అయ్యాక రోడ్డు మీద మిగిలే వాటర్ ప్యాకెట్లు మాత్రం ఈ పనికి మంచి సరుకే, ఎటొచ్చీ అవి కూడా ప్రసాదాల ఆకులతో కలిసే బండెక్కుతాయి.)

అందుకే ఎన్ని లీటర్లు వస్తుందన్న ప్రశ్న తర్వాత సంగతి. ప్లాంటు ఆదాయంలో ఆయిల్ ఎంత, సర్టిఫికెట్లు ఎంత, అడుగున మిగిలే బూడిద, మసి ఏ ఊరి పక్కన పోస్తారు, ఈ మూడూ మున్సిపల్ కౌన్సిల్‌లో రాతపూర్వకంగా చెప్పాలి.