ఉప్పు ఒక్కరే వెయ్యాలి

చిట్టికీ, బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

చిట్టీ, నువ్వు వాట్సాప్‌లో పంపిన నోట్‌బుక్ ఫొటో చూశాను. ‘డిడ్ యూ వెంట్ టు స్కూల్ ఎస్టర్‌డే?’ అని నువ్వు రాస్తే, టీచరు ‘వెంట్’ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి పైన ‘గో’ అని పెట్టారు. “నిన్న అయిపోయింది కదా తాతయ్యా, మరి వెంట్ అనే కదా ఉండాలి?” అని నీ గోల. ఇలాంటి ప్రశ్నకి ఫోన్లో జవాబు మొదలుపెడితే సగంలో మీ అమ్మ అన్నానికి పిలుస్తుంది. అందుకే ఉత్తరం.

కూరకి ఉప్పెలాగో, వాక్యానికి ‘జరిగిపోయింది’ అన్న అర్థం అలాగ. ఉండి తీరాలి, కానీ ఒక్కసారే పడాలి. ‘ఐ వెంట్ టు స్కూల్’ అన్నప్పుడు వంటింట్లో ఇంకెవరూ లేరు. ‘గో’ తన ఉప్పు తనే వేసుకుని ‘వెంట్’ అయింది. అదే ఏదైనా అడగాలన్నా, కాదనాలన్నా ‘డూ’ అనే పెద్దావిడ లోపలికొస్తుంది. వస్తూనే ఉప్పు డబ్బా చేతిలోకి తీసుకుని ‘డిడ్’ అయిపోతుంది. ఇక ‘గో’ చప్పగా ‘గో’లాగే ఉండాలి. డిడ్ యూ గో? ఐ డిడ్ నాట్ గో. నువ్వేమో ఆవిడ వేశాక మళ్ళీ వేశావు!

మా చిన్నప్పుడు ఊళ్ళో పెళ్ళంటే పెరట్లో గాడిపొయ్యి తవ్వి గుండిగలు ఎక్కించేవారు. పిల్లలం మేము చెంబులతో మంచినీళ్ళు పోసేవాళ్ళం. ఒక పెళ్ళిలో వంటాయన పప్పుచారులో ఉప్పు వేసి, చుట్ట కాల్చుకోవడానికి పాకవైపు వెళ్ళాడు. ఇంతలో పెళ్ళికూతురి మేనత్త వచ్చి, ఇంకా వెయ్యలేదనుకుని, దోసెడు ఉప్పు పోసి కలిపి మరీ వెళ్ళింది. మగపెళ్ళివారు మొదటి ముద్దకే నీళ్ళు నీళ్ళన్నారు. నేను బంతి చివరిదాకా వెళ్ళేలోపే మొదట్లోవాళ్ళు మళ్ళీ పిలిచేవారు. మజ్జిగ వచ్చేదాకా ఆ బంతిలో ఇంకో మాట వినబడలేదు. సాయం చేసేముందు ఒక్కమాట అడగాలర్రా, ఇంట్లో అయినా సరే.

బుజ్జిగాడూ, నీకూ ఉంది. ‘హీ ప్లేస్ క్రికెట్’లో చివరి ‘ఎస్’ కూడా ఉప్పే, సైంధవ లవణం అనుకో. ఆవిడొస్తే అదీ ఆవిడదే. డజ్ హీ ప్లే క్రికెట్? హీ డజ్ నాట్ ప్లే. ‘ఆర్ యూ హంగ్రీ?’, ‘కెన్ యూ స్విమ్?’ లాంటి చోట్ల మాత్రం ఆవిణ్ణి గడప కూడా తొక్కనివ్వరు, వాళ్ళ వంట వాళ్ళే చేసుకుంటారు. ఇంకో తమాషా: ‘ఐ డిడ్ నాట్ డూ మై హోంవర్క్.’ మొదటిది ఉప్పు పెద్దావిడ, రెండోది అసలు పని. పని ఎగ్గొట్టానని చెప్పడానికే రెండు ‘డూ’లు కావాలన్నమాట!

మా ఊరి బళ్ళో ఆరో తరగతిలోగానీ ఏబీసీడీలు మొదలుపెట్టేవారు కాదు. ఆ తర్వాత ‘గో, వెంట్, గాన్, కం, కేమ్, కం’ అంటూ ఎక్కాల్లాగా బల్లలు అదిరేలా వల్లె వేయించేవారు. అలా వల్లె వేస్తే నిన్నటి మాట ఏదొచ్చినా నాలిక మీదికి ముందు ‘వెంట్’ వచ్చేస్తుంది. ఇప్పటికీ పెద్ద పెద్ద ఆఫీసుల్లో ‘డిడ్ యూ సెంట్ ది మెయిల్’ అనేవాళ్ళు బోలెడంతమంది.

నిజానికి ఈ పద్ధతి మీకు కొత్తేమీ కాదు. వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు అంటాం. ‘లేదు’ రాగానే? నేనైనా, నువ్వైనా, వాడైనా ‘వెళ్ళలేదు’ అంతే. తోకలన్నీ ఊడిపోయాయి. ‘వెళ్ళాడులేదు’ అని మాటలు నేర్చే పసివాడు కూడా అనడు. కాకపోతే మనం అడిగేటప్పుడు ‘వెళ్ళావా’ అని చివర సాగదీస్తే చాలు, ఇంగ్లీషువాళ్ళకి అక్కడా ఆవిడే రావాలి.

ఎప్పుడూ ఇలాగే లేదట. ఇంగ్లండులో 1611లో, జేమ్స్ రాజు కాలంలో అచ్చైన బైబిల్లో పొలంలో పూసే పువ్వుల గురించి ఒక వాక్యం ఉంది: ‘దే టాయిల్ నాట్, నైదర్ డూ దే స్పిన్.’ అవి కష్టపడవు, నూలు వడకవు అని. మొదటి సగంలో ‘డూ’ లేదు, రెండో సగంలో ఉంది! పాత పద్ధతీ కొత్త పద్ధతీ ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చున్నాయి. ఈవిడ ఇంగ్లీషు వంటింట్లోకి ఎందుకు వచ్చిందన్నది పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. నాకైతే ఆ వాక్యం చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

మీకో పని. మీ ఇంగ్లీషు కథల పుస్తకంలో ఒక కథ తీసుకుని, ‘డిడ్’ ఉన్నచోటల్లా పెన్సిల్‌తో గీత గీయండి. దాని తాలూకు క్రియ ఎక్కడుందో వెతికి, చప్పగా ఉందో లేదో చూడండి. వెతుకుతుంటే ‘హూ బ్రోక్ ది పాట్?’ లాంటివి తగులుతాయి. ప్రశ్నే, కానీ ‘డిడ్’ లేదు! ‘వాట్ డిడ్ యూ బ్రేక్?’ అన్నప్పుడు మాత్రం ఉంది. ఎందుకో నేను చెప్పను. అలాంటివి ఇంకో నాలుగు పోగేసి పక్కపక్కన రాసి చూసుకోండి. మీకేం తోచిందో కాయితం మీద రాసి పోస్టులో పంపండి, వాట్సాప్‌లో వద్దు.

ఇట్లు,
మీ తాతయ్య