ఊళ్లోకి పరిశ్రమ వస్తోందంటే: అపోహలు - వాస్తవాలు

ఫ్యాక్టరీలకు పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలు రాయడం నా పని. షామియానాల కింద ప్రజాభిప్రాయ సేకరణలు చాలానే చూశాను. ఏ జిల్లాకెళ్లినా ఇవే మాటలు.

అపోహ: ఎక్కువమంది వద్దంటే ప్రాజెక్టు ఆగిపోతుంది.

వాస్తవం: అక్కడ ఓటింగ్ ఉండదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం కోరం (కనీస హాజరు) కూడా లేదు, పదిమంది వచ్చినా సభ జరిగినట్టే. అలాగని వెళ్లడం దండగ కాదు. సభ చివర్లో మినిట్స్‌ని, అంటే ఎవరేం మాట్లాడారో రాసుకున్న దాన్ని, స్థానిక భాషలో చదివి వినిపించాలి, సంతకం అదే రోజు పడాలి. ఒకచోట ఓ రైతు బోరు నీళ్లు సీసాలో పట్టుకొచ్చాడు. సర్వే నంబరు, బోరు లోతు, ఏ ఏడాది నుంచి రంగు మారిందీ అన్నీ చెప్పాడు. మినిట్స్‌లో పడింది మాత్రం ‘నీటి సమస్య ప్రస్తావించారు’ అని ఒక్క ముక్క. అప్పటికి సగం జనం వెళ్లిపోయారు. ఆయన కదల్లేదు. సర్వే నంబరు ఎక్కించేదాకా మైకు వదల్లేదు. దాంతో తుది నివేదికలో ఆ బోరుకు జవాబు రాయక మాకు తప్పలేదు.

అపోహ: పారిశ్రామిక పార్కులో పెడితే గొడవుండదు.

వాస్తవం: ఉండదు, అడిగే సభే ఉండదు కాబట్టి. పార్కుకు పర్యావరణ అనుమతి ఉంటే లోపలికొచ్చే ప్రాజెక్టుకు విడిగా ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. ఊరు నోరు విప్పాల్సింది పార్కు సభలోనే. ఆ రోజుకి ఏ కంపెనీ వస్తుందో ఊరికి సరిగా తెలియదు. ఈ పద్ధతిలో నాకు మింగుడుపడనిది ఇదే.

అపోహ: శుద్ధి కేంద్రం కడితే సమస్య తీరినట్టే.

వాస్తవం: పటాన్‌చెరు చూడండి. ఫ్యాక్టరీల వ్యర్థజలాలు నక్కవాగులో పడి మంజీరలో కలిసేవి. ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. అయినా 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కల్లో పటాన్‌చెరు-బొల్లారం తీవ్ర కాలుష్య ప్రాంతమే. శుద్ధి చేసిన నీటిని నగర మురుగుతో కలిపి హైదరాబాద్‌లోని అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి పంపేందుకు 18 కిలోమీటర్ల పైపులైను కూడా వేశారు. అంబర్‌పేట నుంచి నీళ్లు చేరేది మూసీలోకి. ఆ నీళ్లతోనే దిగువన నల్గొండ వైపు వరి పండిస్తున్నారు. నక్కవాగు రైతు బరువు దించి మూసీ రైతు నెత్తిన పెడితే దాన్ని పరిష్కారం అనలేను.

అపోహ: వందల ఉద్యోగాలు స్థానికులకే.

వాస్తవం: నివేదికలో రెండు అంకెలుంటాయి, నిర్మాణమప్పుడు ఎంతమంది, ఫ్యాక్టరీ నడిచేటప్పుడు ఎంతమంది అని. వేదిక మీద రెండూ కలిపి చెబుతారు. రెండోది విడిగా అడగండి, అందులో కాంట్రాక్టువాళ్లెందరో కూడా.