లక్ష రూపాయల్లో స్పీకర్లకు ఎంత? అపోహలు - వాస్తవాలు

పోయిన ఆదివారం కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్‌కి వెళ్లాను. టీవీ కింద 9 చానళ్ల ఏవీ రిసీవర్ (టీవీ శబ్దాన్ని పెంచి స్పీకర్లకి పంచే పెట్టె, ఆంప్ దాని లోపలే ఉంటుంది) ఉంది, 80 వేలు దాటిన సరుకు. దానికి కలిపినవి మాత్రం అరచేయంత స్పీకర్లు ఐదు, బాస్ కోసం చిన్న సబ్‌వూఫర్ ఒకటి. ఆ సెట్టు మొత్తం 22 వేలు. "డైలాగులు వినపడట్లేదండీ. తెలుగు సినిమా కూడా సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తున్నాం. ఫైట్ రాగానే రిమోట్ కోసం వెతుక్కోవాల్సి వస్తోంది. ఆంప్ చాలట్లేదేమో, ఇంకా పెద్దది తీసుకోమంటారా?" అని అడిగారాయన.

హోమ్ ఆడియో బిగించే పనిలో 17 ఏళ్లుగా ఉన్నాను. ఇదే సెటప్, ఇదే ప్రశ్న నెలకు రెండు మూడుసార్లు ఎదురవుతుంది. ఇందులో కొన్నవాళ్ల తప్పేం లేదు. షాపులో ఆంప్‌ని అంకెలు చూపించి అమ్మేయొచ్చు. స్పీకరుని అలా అమ్మలేరు, వినిపించాలి. దానికి తీరిక కావాలి, రొద లేని గది కావాలి.

అపోహ: ముందు ఎక్కువ వాట్లున్న ఆంప్ కొనాలి, స్పీకర్లు తర్వాత చూసుకోవచ్చు

జనం జేబుకి అన్నిటికంటే పెద్ద చిల్లు పెట్టేది ఈ మాటే.

వాట్ల సంగతి ముందు చూద్దాం. 50 వాట్ల ఆంప్ తీసేసి 100 వాట్లది పెడితే పెరిగేది 3 డెసిబెల్స్. వింటే కాస్త పెరిగినట్టు ఉంటుంది, అంతే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. అంటే పది రెట్లు, 500 వాట్లు. అదే 84 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒకే వాటుకి స్పీకరు ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే అంకె) ఉన్న స్పీకరు బదులు 90 ఉన్నది పెట్టుకుంటే, ఆంప్‌ని నాలుగు రెట్లు పెంచినంత ఫలితం. హాల్లో 10 అడుగుల దూరాన కూర్చుని మామూలు వాల్యూమ్‌లో పాటలు వింటుంటే ఆంప్ సగటున ఇచ్చేది ఒకటి రెండు వాట్లే. ఒక్కసారిగా వచ్చే పెద్ద శబ్దాలకి మాత్రమే అంతకు మించి కావాలి.

పైగా అట్ట మీద రాసిన వాట్లు వేరు, ఇంట్లో వచ్చే వాట్లు వేరు. స్పెసిఫికేషన్ కాగితం తెరిచి చూడండి. పెద్ద అక్షరాల్లో 150 వాట్లు అని ఉంటుంది. పక్కనే చిన్నగా 6 ఓమ్స్ (స్పీకరు నిరోధం), 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్ (శబ్దం చెదిరిపోవడం), ఒక్క చానల్ అని రాసి ఉంటుంది. అదే రిసీవర్‌ని 8 ఓమ్స్ మీద, 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు, అంటే చెవికి వినపడే శబ్దాలన్నిటి మీద, రెండు చానళ్లు కలిపి కొలిస్తే 80 దగ్గరికి దిగుతుంది. పోల్చి చూసుకోవాల్సింది ఈ రెండో అంకెని. పీఎంపీవో (క్షణకాలం వచ్చే గరిష్ఠ వాట్లంటూ వేసే అంకె) అని రాసి ఉంటే చదవడం కూడా దండగ, దాన్ని ఇలాగే కొలవాలి అనే ప్రమాణమే లేదు.

అసలు విషయం ఇది. ఈ రోజుల్లో ఓ మాదిరి ఆంప్ కూడా తన పరిమితిలో వాడినంతసేపు డిస్టార్షన్ 0.1 శాతం లోపే ఉంచుతుంది. స్పీకరు అలా కాదు. కాగితపు కోను, రబ్బరు అంచు, తీగచుట్ట, అయస్కాంతం కలిసి గాలిని నెట్టే యంత్రం అది. బాస్‌లో గట్టిగా వాయించితే మంచి స్పీకరుకే డిస్టార్షన్ ఒక శాతం దాటుతుంది, చవకదానికి ఇంకా ఎక్కువ. మొత్తం సెటప్‌లో తేడాలు ఎక్కువగా పుట్టేది అక్కడ, ఆ తర్వాత గదిలో. డబ్బు కూడా అక్కడికే పోవాలి కదా!

కూకట్‌పల్లి ఇంట్లో ఒక స్పీకరు జాలీ తీసి ఆయనకి చూపించాను. లోపల కోను 3 అంగుళాలు. ఆ సైజు కోను 150 హెర్ట్జ్ కిందకి వెళ్లడానికి ఆయాసపడుతుంది. రిసీవర్‌లో క్రాసోవర్, అంటే ఎన్ని హెర్ట్జ్ కింది శబ్దం సబ్‌వూఫర్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగు, 80 దగ్గర ఉంది. మగవాళ్ల గొంతు మొదలయ్యేది సరిగ్గా ఈ రెండింటి మధ్యలోనే. అక్కడ సబ్‌వూఫర్ పలకదు, స్పీకరు పలకలేదు. మాట పీలగా వస్తుంది, వాల్యూమ్ పెంచుతారు, ఫైట్ వచ్చేసరికి ఇల్లు అదిరిపోతుంది. సెంటర్ స్పీకరేమో టీవీ యూనిట్ అరలో లోపలికంటా తోసి ఉంది. దాన్ని అంచుకి లాగి, ముందువైపు కాస్త ఎత్తు పెట్టి, క్రాసోవర్ 150కి మార్చాను. కొంత మెరుగైంది, కానీ ఇప్పుడు గొంతు సగం మూలనున్న సబ్‌వూఫర్‌లోంచి వస్తోంది.

నా కారులో ఎప్పుడూ ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు (స్టాండు మీదో అరలోనో పెట్టే సైజువి), పాత 40 వాట్ల స్టీరియో ఆంప్ ఉంటాయి. వాటి వూఫర్లు, అంటే కింది శబ్దాలు పలికే కోన్లు, ఆరున్నర అంగుళాలు. వాటిని తెచ్చి కలిపి, ఫోన్‌లో మీటర్ చూసి వాల్యూమ్ అంతే ఉంచి, అదే సీన్ మళ్లీ పెట్టాను. వాళ్లావిడ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి, "ఇప్పుడు మాట తెలుస్తోంది, ఏం మార్చారండీ?" అన్నారు.

"స్పీకర్లు తర్వాత" అనే ఆలోచనలో ఇంకో చిక్కుంది. అన్నిటికంటే తొందరగా పాతబడేది రిసీవరే. ఇళ్లకి అట్మాస్ (తల పైనుంచి కూడా శబ్దం వినిపించే పద్ధతి) రిసీవర్లు 2014లో వచ్చాయి. టీవీని, రిసీవర్‌ని కలిపే హెచ్‌డీఎంఐ ప్రమాణంలో 2.0 వచ్చింది 2013లో, 2.1 వచ్చింది 2017లో. ప్రతిసారీ పాత పెట్టె ఒక మెట్టు దిగింది. మంచి స్పీకర్లు 15, 20 ఏళ్లు హాయిగా పనిచేస్తాయి. కాకపోతే విశాఖ, కాకినాడ వైపు ఉన్నవాళ్లు కోను అంచు ఫోమ్ కాకుండా రబ్బరుది చూసి తీసుకోండి. ఆ తేమకి ఫోమ్ అంచులు చేత్తో ముట్టుకుంటే పొడిగా రాలిన జతలు నేను చాలా చూశాను.

కాబట్టి చేతిలో లక్ష ఉంటే, స్పీకర్లకి 55 నుంచి 60 వేలు, ఆంప్‌కి 25 నుంచి 30, మిగిలింది స్టాండ్లు, వైర్లు, కర్టెన్లకి. స్పీకరు 4 ఓమ్స్‌ది, సెన్సిటివిటీ తక్కువది అయితే, లేదా హాలు బాగా పెద్దదైతే ఆంప్ వాటా పెంచాలి. ఐదు స్పీకర్లకి డబ్బు చాలకపోతే రెండే కొనండి, కానీ మంచివి కొనండి.

అపోహ: ప్లేయర్, డ్యాక్ మంచివి కాకపోతే ఏ స్పీకరైనా వృథా

డ్యాక్ అంటే డిజిటల్ పాటని ఆంప్‌కి పనికొచ్చే విద్యుత్ సంకేతంగా మార్చే పెట్టె. రికార్డుల కాలంలో ఈ మాట చాలావరకు నిజం. 1970లలో స్కాట్లండ్‌కి చెందిన లిన్ అనే టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) కంపెనీ ఈ వాదనకి బాగా ప్రచారం తెచ్చింది. 1982లో సీడీ వచ్చాక ఆ లెక్క మారిపోయింది. ఇవాళ కొన్ని వేలలో దొరికే డ్యాక్‌కీ, లక్ష పెట్టిన డ్యాక్‌కీ తేడా కళ్లు మూసుకుని చెప్పడం చాలా కష్టం.

అపోహ: పెద్ద ఆంప్ పెడితే స్పీకర్లు కాలిపోతాయి

వాల్యూమ్ హద్దులో ఉంటే కాలవు. చిన్న ఆంప్‌ని శక్తికి మించి లాగి, క్లిప్పింగ్‌తో (సంకేతం కొసలు తెగిపోవడం) ట్వీటర్లు, అంటే పై శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు, పోగొట్టుకున్నవాళ్లు కూడా బోలెడు మంది.

అపోహ: ఖరీదైన కేబుల్ వేయకపోతే స్పీకర్లు పాడవుతాయి

గుంటూరులో ఒక రిటైర్డ్ మాస్టారు ఈ టెన్షన్‌తోనే రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశారు. "బాబూ, 18 వేల కేబుల్ వేయకపోతే వారంటీ కూడా పోతుందన్నారు, నిజమేనా?" అని. పెన్షన్ డబ్బుతో సంగీతం వినాలని కొనుక్కున్న మనిషిని అలా భయపెట్టినందుకు నాకు నిజంగా కోపం వచ్చింది. "మాస్టారూ, ఎలక్ట్రికల్ షాపుకి వెళ్లి 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, సన్న పోగులది, తెచ్చుకోండి" అన్నాను. 5 మీటర్ల దూరానికి అటూ ఇటూ కలిపి దాని నిరోధం 0.07 ఓమ్ దగ్గర ఉంటుంది. 8 ఓమ్స్ స్పీకరు ముందు అది లెక్కలోకే రాదు. ప్లస్ ప్లస్‌కి, మైనస్ మైనస్‌కి చూసి బిగించుకుంటే చాలు.

ఆ 18 వేలలో కొంత పెట్టి మందపాటి కర్టెన్లు, పెద్ద తివాచీ వేయించుకోమన్నాను. వాళ్ల హాల్లో కింద గ్రానైటు, ఒకవైపంతా అద్దాల కిటికీ, చప్పట్లు కొడితే ఫోన్‌లోనే ఖంగుమని వినిపించింది. వరంగల్ జంఖానా ఉంది, చాలదా అన్నారు. అంత పల్చటిది పై శబ్దాలనే కాస్త పీలుస్తుంది, ఏమీ లేనిదానికంటే నయం. బాస్ సంగతి వేరు. 12 అడుగుల గదిలో దాదాపు 47 హెర్ట్జ్ దగ్గర గదే మోగుతుంది. దానికి స్పీకర్లని, కూర్చునే కుర్చీని అటూ ఇటూ జరిపి చూడటమే ముందు చేయాల్సిన పని, ఖర్చు లేనిది కూడా.

కూకట్‌పల్లి ఆయనకి రిసీవర్ అమ్మొద్దనే చెప్పాను. అది మంచిదే. ఆ అరచేయి స్పీకర్లలో రెండింటిని వెనక సరౌండ్‌కి ఉంచుకుని, ముందుకి 40 వేలలో ఒక జత బుక్‌షెల్ఫ్ తీసుకోమన్నాను. పాత సెంటర్ తీసేసి, రిసీవర్ మెనూలో "సెంటర్ లేదు" అని పెడితే డైలాగు ఆ రెండింటి మధ్యలోంచే వస్తుంది. కొనే ముందు షాపులో తమకి బాగా తెలిసిన పాట ఒకటి, మాటలు ఎక్కువున్న సీన్ ఒకటి తీసుకెళ్లి, ఇద్దరూ కూర్చుని వింటామన్నారు.