పాత ఇత్తడిని తోమకండి: చిన్న మ్యూజియంపై అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఓ చిన్న మ్యూజియంలో వస్తువుల సంరక్షణ నా పని. చూడ్డానికి వచ్చినవాళ్ల నోట తరచూ వినే మాటలు కొన్నిటికి ఇక్కడ జవాబు చెబుతున్నాను.

అపోహ: చింతపండు పెట్టి తోమితే ఈ కంచు, ఇత్తడి సామానంతా తళతళలాడుతుంది.

"ఏంటండీ, ఇంత నల్లగా వదిలేశారు?" అని చాలామంది అడుగుతారు. ఆ నలుపు, ఆ ముదురు పచ్చ మురికి కాదండీ. ఏళ్ల తరబడి గాలీ తేమా తగిలి లోహం మీద కట్టిన పొర. గట్టిగా అంటుకుని ఉన్నంతకాలం అదే లోపలి లోహాన్ని కాపాడుతుంది. పులుపుతో తోమితే పొర పోతుంది, దాంతోపాటు సన్నటి చెక్కడమూ, నాణెం మీది అక్షరాలూ అరిగిపోతాయి. మాకు అసలు టెన్షన్ లేతాకుపచ్చ పొడితోనే. సముద్రపు గాలిలోని ఉప్పు కంచులోకి చేరితే, తేమ తగిలినప్పుడల్లా లోపల్నుంచి తినేస్తూ పోతుంది. తాకితే పిండిలా రాలుతుంది. అలాంటి వస్తువును వెంటనే వేరుచేసి, తేమను పీల్చే సిలికా జెల్ వేసిన డబ్బాలో గాలి చొరకుండా మూసిపెడతాం. వానాకాలంలో ఆ జెల్‌ని మాటిమాటికీ మార్చాల్సి వస్తుంది.

అపోహ: చిన్న మ్యూజియంలో చూడ్డానికేముంది, పది నిమిషాలు చాలు.

బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో జపాన్ వాళ్ల బాంబు ఒకటి ఉంది. 1942 ఏప్రిల్ 6న ఈ ఊరి మీద పడినది. రెండో ప్రపంచ యుద్ధం మన రేవు దాకా వచ్చిందని పిల్లలకు చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి? కాస్త ఆగి, పక్కనున్న చీటీ చదవండి. చీటీలో లేనిది సిబ్బందిని అడగండి, అడిగితే మాకు సంతోషమే.

అపోహ: పొలంలో పాత నాణేలు దొరికితే చెప్పకూడదు, ప్రభుత్వం ఊరికే పట్టుకుపోతుంది.

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దాగి ఉండి దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. ప్రభుత్వం దాన్ని తీసుకుంటే విలువ కట్టి చెల్లించే ఏర్పాటూ ఆ చట్టంలోనే ఉంది. డబ్బు సంగతి అలా ఉంచండి. విశాఖ దగ్గరి బౌద్ధ క్షేత్రం తొట్లకొండ తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలూ బయటపడ్డాయి. ఒకే కొండ మీద రెండూ దొరికాయి కాబట్టే ఈ తీరానికి దూరదేశాలతో ఉన్న వర్తకం గురించి మాట్లాడగలుగుతున్నాం. అవే నాణేలు ఎవరో గుట్టుగా అమ్మేసి ఉంటే, ఎక్కడివో తెలియని వెండి ముక్కలుగా మిగిలేవి.

అపోహ: తాళపత్రాలకు దుమ్ము పడితే తడిగుడ్డతో తుడవాలి.

వద్దు. గంటంతో గీసిన గీతల్లో అద్దిన మసే మనకు కనిపించే అక్షరం. తడి తగిలితే అది చెదిరిపోతుంది, ఆకుకు బూజూ పడుతుంది. మెత్తటి పొడి కుంచెతో పైపైన దులపండి, నూలు గుడ్డలో చుట్టి పొడిచోట పెట్టండి. ఎవరి ఇంట్లోవి, ఏ ఊరివి అన్నది వేరే కాగితం మీద రాసి ఆ మూటతోనే ఉంచండి.