కంటికి ఆనని పొగ

పెరట్లో మాంసానికి పొగబెట్టుకునే చిన్న గూడు ఒకటి కట్టాలనుకున్నప్పుడు నాకు తెలిసిన శాస్త్రం ఒక్క ముక్కే: పొగ ఎంత దట్టంగా ఉంటే రుచి అంత బాగా పడుతుందని. పాత ఇనుప డ్రమ్ము అడుగున రంధ్రాలు పొడిచి, పైన అడ్డంగా ఊచలు పెట్టి, మూత బిగించాను. కట్టె ఇంకా పచ్చిదే. తెల్లటి పొగ సుడులు తిరుగుతూ లేస్తుంటే పని బ్రహ్మాండంగా సాగుతోందని సంబరపడ్డాను. ఐదు గంటల తరవాత మూత తీస్తే మాంసం మీద నల్లటి చారలు. మూత లోపలి నుంచి తారులాంటి ద్రవం బొట్లు బొట్లుగా కారుతోంది. ముక్క నోట్లో పెట్టుకుంటే నాలుక మొద్దుబారింది. కుక్క కూడా వాసన చూసి పక్కకు వెళ్ళిపోయింది.

ఆ డ్రమ్ములో నేను చేసిన తప్పులు నాలుగైదు ఉన్నా, అన్నిటికీ తల్లివేరు ఒకటే. మాంసానికి పట్టాల్సింది కంటికి తెల్లగా కనిపించే పొగ కాదు.

కట్టె నిజానికి నేరుగా మండదు. ముందు వేడికి విరిగి ఆవిర్లు వదులుతుంది. మనం మంట అనేది ఆ ఆవిర్లు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండటాన్నే. అవి పూర్తిగా మండిపోతే ముఖ్యంగా మిగిలేది కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి. ఆ రెండిటికీ రుచీ లేదు, వాసనా లేదు. మండకుండా తప్పించుకున్న ఆవిర్లే పొగ. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, నిప్పు బాగా రాజుకున్నా పొగ రాదు. గూడు కట్టేవాడి పనంతా ఈ రెండింటి మధ్య ఉంటుంది: నిప్పు ఆరిపోకూడదు, మంటగా లేవనూ కూడదు.

కట్టెలో ముఖ్యమైన పదార్థాలు మూడు. బరువులో 40 నుంచి 45 శాతం దాకా సెల్యులోజ్, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం హెమిసెల్యులోజ్, లిగ్నిన్. వేడికి ముందుగా లొంగిపోయేది హెమిసెల్యులోజ్. సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటాక విరగడం మొదలుపెడుతుంది, ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. వెనిగర్‌లో పులుపు ఇచ్చేది ఆ ఆమ్లమే. 300 డిగ్రీల దరిదాపుల్లో సెల్యులోజ్ వంతు వస్తుంది. అది చక్కెర అణువుల గొలుసు కాబట్టి, దాని తునకలు మాంసంలోని ప్రొటీన్లతో కలిసి పైపొరకు బంగారు గోధుమ రంగు తెస్తాయి. లిగ్నిన్ మాత్రం గట్టి పిండం. 500 డిగ్రీల దాకా కొంచెం కొంచెంగా విరుగుతూనే ఉంటుంది. మనం పొగ రుచి అని మెచ్చుకునేది చాలావరకు దాని చలవే. దాన్నుంచి వచ్చే ఫినాల్స్ అనే ఘాటైన పదార్థాల్లో గ్వాయకాల్ ఎక్కువగా నాలుకకు, సిరింగాల్ ఎక్కువగా ముక్కుకు పొగను గుర్తుచేస్తాయి. ఓక్, బీచ్, యాపిల్ లాంటి చెట్ల లిగ్నిన్ ఈ రెండిటినీ ఇస్తుంది. పైన్ లాంటి సూదుల ఆకుల చెట్లలో సిరింగాల్ ఇచ్చే భాగం దాదాపు ఉండదు, పైగా వాటి బంక మసినీ చేదునీ తెస్తుంది. గన్నేరు లాంటి విషపు చెట్ల జోలికి అసలే పోకూడదని వేరే చెప్పక్కర్లేదు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, చెదలు పట్టకుండా మందు పట్టించిన దూలాలు కూడా అంతే. అలాంటి కొన్ని మందుల్లో ఆర్సెనిక్ ఉంటుంది.

ఇక రంగు సంగతి. మంచి పొగ పల్చగా, నీలి ఛాయతో ఉంటుంది. చెడ్డ పొగ తెల్లగా, దూదిలా ఉంటుంది. ఇది చూసేవాడి ఇష్టాయిష్టాల విషయం కాదు, పొగలోని బిందువుల సైజు విషయం. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వరకు ఉంటుంది. అంతకంటే బాగా చిన్న బిందువులు నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. బిందువులు పెరిగి ఆ సైజుకు చేరితే అన్ని రంగులనూ ఒకేలా చెదరగొడతాయి, పొగ తెల్లబడుతుంది. జాన్ టిండాల్ అనే భౌతిక శాస్త్రవేత్త 1860లలో గాజు గొట్టంలో ఆవిర్లు నింపి, కాంతిపుంజం పంపి ఇదే చూశాడు. ముందు నీలంగా పుట్టిన మబ్బు, బిందువులు పెద్దవయ్యేకొద్దీ తెల్లగా మారింది. అంటే పొగగొట్టం దగ్గర నిలబడి చూస్తే చాలు, లోపలి నిప్పు ఎలా ఉందో పైసా ఖర్చు లేకుండా తెలిసిపోతుంది. తెల్లదనమంటే పెద్ద తారు బిందువులు, వాటితోపాటు నీటి ఆవిరి. నా డ్రమ్ము మూత నుంచి కారింది అదే.

పచ్చి కట్టె ఎందుకు కొంప ముంచిందో ఇప్పుడు తేలికగానే అర్థమవుతుంది. అప్పుడే నరికిన కట్టె బరువులో సగం దాకా నీరే ఉండొచ్చు. ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2,260 కిలోజౌళ్ల శక్తి కావాలి. నిప్పు తన వేడినంతా ఆ నీటి మీదే తగలేస్తుంది. ఆ నీరు పోయేదాకా కట్టె 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, లిగ్నిన్ జోలికి వెళ్ళనే వెళ్ళదు. తేమ 20 శాతం లోపుకు దిగేలా ఎండబెట్టిన కట్టెతో ఈ బాధ ఉండదు. చెక్క ముక్కల్ని రాత్రంతా నీళ్ళలో నానబెట్టమని సలహా ఇచ్చేవాళ్ళు ఎదురవుతూనే ఉంటారు. ఆ నీరు ఎక్కువగా పైపైనే ఉంటుంది. కాసేపు ఆవిరి వదిలి, ఎండాకే అసలు పొగ మొదలవుతుంది. నా మటుకు నేను ఆ పని మానేశాను.

రెండో గూడు కట్టేటప్పుడు పొయ్యిని, గూటిని వేరు చేశాను. ఇదే అన్నిటికంటే పెద్ద మార్పు. పొయ్యి పల్లంలో, గూడు మెరకలో. మధ్యలో మట్టిలో పూడ్చిన 15 సెంటీమీటర్ల గొట్టం, పైకి వాలుగా. గూడు అడుగు కొలత మీటరుకు మీటరు, ఎత్తు దాదాపు 2 మీటర్లు. మాంసాన్ని వేడి తగలకుండా పొగబెట్టాలంటే గొట్టం 2, 3 మీటర్లయినా ఉండాలి. పొగ వేడిని దారిలో మట్టి లాగేసుకుంటుంది. లావు తారు బిందువులు కూడా చాలావరకు గొట్టం గోడలకే అంటుకుపోతాయి. వేడితో వండుతూ పొగబెట్టాలంటే గొట్టం పొట్టిగా ఉంటే చాలు. పొగ గూట్లోకి దూరేచోట రంధ్రాలున్న రేకు ఒకటి అడ్డం పెడితే, అది ఒకే మూల నుంచి లేవకుండా అంతటా పరుచుకుంటుంది.

ఇందులో ఫ్యాను లేదు. మరి పొగను పైకి లాగేదెవరు? వేడి గాలి తేలిక, అంతే. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి బరువు 1.2 కిలోలు. 80 డిగ్రీలకు చేరితే ఒక కిలో. ఎత్తు 2 మీటర్లయితే లోపలికీ బయటికీ వచ్చే ఒత్తిడి తేడా సుమారు 4 పాస్కల్స్. అర మిల్లీమీటరు నీటి మట్టం కూడా దానికంటే ఎక్కువే ఒత్తిడి పెడుతుంది! సెకనుకు 5 మీటర్ల పిల్లగాలి గోడను తాకితే 15 పాస్కల్స్ పుడతాయి. అంటే ఆకులు కదిలించే గాలి కూడా మన పొగను వెనక్కి నెట్టగలదు. అందుకే గూటి పైనున్న పొగగొట్టానికి టోపీ కావాలి, పొయ్యి నోరు గాలి మారినప్పుడు అడ్డు పెట్టుకునేలా ఉండాలి. తలుపు సందులు ఎంత చిన్నవైనా వదలకూడదు. చల్లని పొగ విషయంలో ఈ 4 పాస్కల్స్ కూడా ఉండవు, గూట్లో గాలి దాదాపు బయటి గాలంత చల్లగానే ఉంటుంది కదా. అక్కడ లాగే పనంతా గొట్టం వాలుది. గొట్టాన్ని సమతలంగా పాతినవాళ్ళు పొయ్యి ముందు కూర్చుని కళ్ళు నులుముకోవాల్సిందే.

నిప్పు తగ్గించాలంటే కింది గాలిదారిని మూయాలి, పైదాన్ని కాదు. పైది మూస్తే పొగ గూట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది, చల్లబడుతుంది, బిందువులు ఒకదాన్నొకటి తాకి పెరుగుతాయి, మాంసం మీద పడతాయి. నేను మొదటిసారి చేసింది అదే, మూత బిగించేశాను. పొగ మాంసాన్ని రాసుకుంటూ వెళ్ళిపోవాలి గానీ అక్కడే కాపురం పెట్టకూడదు.

గోడలు దేనితో కట్టాలన్న ప్రశ్నకు కూడా ఇక్కడే జవాబుంది. ఇనుము కట్టె కంటే కొన్ని వందల రెట్లు వేగంగా వేడిని బయటికి పోనిస్తుంది. చల్లటి పూట ఇనుప గోడ లోపలి వైపు చల్లబడి, తారు దాని మీద చెమటలా పడుతుంది. చెక్కగూడుకు ఈ బెడద తక్కువ. గూట్లో వేడి 100 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంచి, నిప్పు వేరేచోట ఉంటే చెక్క అంటుకునే ప్రమాదమూ తక్కువే. పొయ్యికి మాత్రం ఇటుక, బంకమట్టి. నిప్పు తగిలేచోట సిమెంటు పగుళ్ళిస్తుంది. ఏటి రాళ్ళలో చిక్కుకున్న తేమ వేడికి ఆవిరై రాయిని పేల్చేయగలదు. జింకు పూత ఉన్న రేకును నిప్పు దగ్గరికి రానీయొద్దు. జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది, మంటలో దాని పొగ పీల్చినవాళ్ళకు జ్వరం వస్తుంది.

పొగ మాంసం దగ్గరికి చేరాక జరిగేది ఇంకో కథ. రుచినిచ్చే ఆవిర్లు తడిలో కరిగి లోపలికి దిగుతాయి. ఎముకలా ఎండిన ముక్కకు పొగ సరిగా పట్టదు, నీళ్ళు కారుతున్న ముక్క మీద మసి చారలు కడుతుంది. కావలసింది ఈ రెండిటి మధ్య: ఉప్పు పట్టించి, కడిగి, గాలికి ఆరనిస్తే ప్రొటీన్లు పైన పల్చటి జిగట పొరగా ఏర్పడతాయి. వేలితో తాకితే అంటుకోవాలి, తడి కాకూడదు. వేడి గూట్లో పెద్ద ముక్క లోపలి వేడి 65, 70 డిగ్రీల దగ్గర గంటల తరబడి కదలకుండా ఆగిపోతే టెన్షన్ పడి నిప్పు ఎగదోయకండి. పైనుంచి ఆవిరయ్యే నీరు, మనకు చెమట పట్టినట్టే, మాంసాన్ని చల్లబరుస్తోంది. ఆ తడి తగ్గాక థర్మామీటరు ముల్లు మళ్ళీ కదులుతుంది.

ఇప్పుడు నేను కాస్త కటువుగా చెప్పాల్సిన మాట. పొగబెడితే మాంసం నిలవ ఉంటుందన్నది సగం నిజం. ఫినాల్స్, ఫార్మాల్డిహైడ్ సూక్ష్మజీవుల్ని అణచేది, కొవ్వు కంపు కొట్టకుండా ఆపేదీ నిజమే. కానీ వాటి ప్రభావమంతా పైన కొన్ని మిల్లీమీటర్లలోనే. ముక్క నడిబొడ్డున ఏమవుతుందో పొగకు పట్టదు. అక్కడ గాలి ఉండదు, తేమ ఉంటుంది, చల్లని పొగబెట్టేటప్పుడు 20, 25 డిగ్రీల గోరువెచ్చదనం ఉంటుంది. క్లాస్ట్రీడియం బొట్యులినం అనే బ్యాక్టీరియాకు ఇంతకంటే సుఖమైన చోటు దొరకదు. దాని పేరులోనే ఈ చరిత్ర ఉంది. లాటిన్‌లో బొట్యులస్ అంటే సాసేజ్. 1820లలో జర్మనీలోని వ్యూర్టెంబర్గ్‌లో యుస్టినుస్ కెర్నెర్ అనే వైద్యుడు, పాడైన సాసేజ్‌లు తిని కండరాలు చచ్చుబడి చనిపోయినవాళ్ళ లక్షణాలన్నీ రాసిపెట్టాడు. 1895లో బెల్జియంలోని ఎలెజెల్ అనే ఊళ్ళో ఒక అంత్యక్రియలకు వచ్చిన వాద్యకారులు ఉప్పులో ఊరిన పంది తొడ మాంసం తిన్నారు, ముగ్గురు చనిపోయారు. ఎమీల్ వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త ఆ మాంసంలోంచే ఈ బ్యాక్టీరియాను వేరుచేశాడు.

అందుకే చల్లని పొగకు ముందు ఉప్పుతో ఊరబెట్టడం తప్పనిసరి. మామూలు ఉప్పొక్కటే కాదు, సోడియం నైట్రైట్ కలిసిన ఊరుప్పు కావాలి. వంట ఉప్పుతో పొరపడకుండా దానికి గులాబి రంగు వేస్తారు. అందులో 6.25 శాతం నైట్రైట్ ఉంటే, కిలో మాంసానికి 2.5 గ్రాములు. అది సుమారు 156 మిల్లీగ్రాముల నైట్రైట్ అవుతుంది. చెంచాలతో, చేతివాటంతో వేసే పదార్థం కాదిది, ఎక్కువైతే అదే విషం. గ్రాములో పదో వంతు చూపించే తూకం లేకపోతే చల్లని పొగ జోలికి వెళ్ళొద్దనే అంటాను. మొదటిసారి కట్టుకున్నవాళ్ళు వేడి పొగతో మొదలుపెట్టడమే మంచిది. అక్కడ కాపలా కాసేది థర్మామీటరు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం ముక్క నడిమధ్యలో కోడి మాంసానికి 74 డిగ్రీలు, కైమాకు 71, మిగతా నిండు ముక్కలకు 63 డిగ్రీలు చేరి మూడు నిమిషాలు ఆగాలి. గూటి తలుపుకున్న మీటరు చూపేది గాలి వేడి, మాంసం వేడి కాదు. ముక్కలోకి గుచ్చేది వేరే ఉండాలి.

పొగలో చెడు కూడా ఉంది, దాచడం దేనికి. 1775లో పెర్సివల్ పాట్ అనే లండన్ వైద్యుడు, పొగగొట్టాలు ఊడ్చే కుర్రాళ్ళకు పెద్దయ్యాక వృషణాల తిత్తికి క్యాన్సర్ వస్తోందని, దానికి కారణం మసేనని రాశాడు. మసిలో ఉండే బెంజోపైరీన్ లాంటి పదార్థాలు పొగబెట్టిన మాంసంలోనూ చేరతాయి. యూరోపియన్ యూనియన్ అలాంటి మాంసంలో దాన్ని కిలోకు 2 మైక్రోగ్రాములకు మించనివ్వదు. ఊరబెట్టి, పొగబెట్టి నిలవచేసిన మాంసాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. కాబట్టి ఇది రోజూ తినే తిండి కాదు. అయితే మోతాదు కొంతవరకు కట్టేవాడి చేతిలోనే ఉంది. బెంజోపైరీన్ 400 డిగ్రీలు దాటాక వేడితోపాటు పెరుగుతుంది, నిప్పుల మీద కొవ్వు కారి భగ్గుమన్నప్పుడు ఇంకా పెరుగుతుంది. పొయ్యిని దూరంగా పెడితే కొవ్వు నిప్పులో పడదు. రంపపు పొట్టు నిదానంగా కుములుతుంటే వేడి అంతగా ఎక్కదు. రుచి కోసం చేసిన ఏర్పాటే ఇక్కడా పనికొచ్చింది.

కొత్త గూటిని మొదటిసారి ఖాళీగా కాల్చాలి. ఇటుకల్లో, మట్టిలో తడి ఆరాలి. నేను ఒక సాయంత్రమంతా చిన్న నిప్పు పెట్టి కూర్చున్నాను. గంట గడిచినా పొగగొట్టం పైన ఏమీ కనబడలేదు. ఆరిపోయిందేమోనని రెండుసార్లు పొయ్యి తెరిచి చూశాను, ఎర్రగా కణకణలాడుతూనే ఉంది. తరవాత తట్టింది, నేను తెల్లటి ఆకాశం వైపు చూస్తున్నాను. ఇంత సన్నటి బిందువులు వెలుతురుకు ఎదురుగా దాదాపు కనిపించవు, కనిపించినా పసుపు గోధుమ మరకలా ఉంటాయి. చెదిరిన నీలం తెలియాలంటే వెనక చీకటి ఉండాలి. నాలుగడుగులు పక్కకు జరిగి, చెట్ల నీడను వెనక పెట్టుకుని చూస్తే, గొట్టం మీద సన్నటి నీలి పోగు ఒకటి నిదానంగా పైకి పోతోంది.