అవ్వ ఎందుకు నవ్వింది?

చిరంజీవి అమ్మలుకు తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

హాంగ్‌కాంగ్‌లో చాంద్రమానపు కొత్త సంవత్సరం నాడు పక్కింటి అవ్వకు నీవు ఒక్క తప్పూ లేకుండా "హోక్ యిప్ జ్యొన్ బోవ్" అని చెప్పినా ఆవిడ పకపకా నవ్విందనీ, కారణం చెప్పమనీ అడిగావు. చదువులో ముందుకు సాగాలని దాని అర్థం. ఎనభయ్యేళ్ల అవ్వకు ఇంకా ఏ పరీక్షలు మిగిలాయమ్మా!

హాంగ్‌కాంగ్ వారి భాష కాంటనీసులోని ఈ నాలుగక్షరాల మాటలు మన ఇంగువ వంటివి. నా ఎనిమిదో ఏట, పప్పుచారుకే అంత ఘుమఘుమ తెచ్చిన ఇంగువ పరమాన్నానికి ఇంకెంత తెస్తుందోనని, అమ్మ పెరట్లోకి వెళ్లిన సందు చూసి, ఓ ముక్క గిల్లి మరుగుతున్న పాలలో వేశాను. ఆనాటి పరమాన్నాన్ని మా గేదె కూడా వాసన చూసి మూతి తిప్పుకుంది. ఇంగువలో దోషం లేదు, పాలలోనూ లేదు.

అవ్వకు తగినది "లుంగ్ మా జింగ్ సన్", అంటే డ్రాగన్‌కూ గుర్రానికీ ఉన్నంత సత్తువ. ఉద్యోగం చేసే పెద్దాయనకైతే "బోవ్ బోవ్ గోవ్ సింగ్", అడుగడుగునా పైమెట్టు. మన ఇళ్లలో పెద్దలు దీవిస్తే పిల్లలు తల వంచుతారు; అక్కడ పిల్లలే ముందుగా శుభం పలికి ఎర్ర కవరులోని "లై సీ", అంటే దీవెన డబ్బు, అందుకోవడం నాకెంతో ముచ్చటగా తోచింది.

ఒకరి మాట ఒకరికి అర్థం కానప్పుడు "గై తుంగ్ ఆప్ గోంగ్", కోడి బాతుతో మాట్లాడినట్టుందని స్నేహితురాళ్లతో హాయిగా అనుకో. బడి వ్యాసంలో మాత్రం వ్రాయకు, అది వీధిమాట. వ్యాసానికి అచ్చమైన "సింగ్ యూ", అంటే పూర్వకాలం నుంచి వస్తున్న నాలుగక్షరాల జాతీయం, కావాలి. "వాక్ సే తిమ్ జుక్", అంటే పామును గీసి కాళ్లు చేర్చడం, చూడు: రెండు వేల ఏళ్లకు పైబడిన, ప్రాచీన చైనాలోని చూ రాజ్యపు కథ అది. పందెంలో అందరికన్నా ముందు పామును గీసినవాడు, ఇంకా తీరిక ఉంది కదా అని దానికి కాళ్లు దిద్దబోయి, గెలిచిన మద్యపాత్రను పోగొట్టుకున్నాడు. అయినా వ్యాసానికి అటువంటిది ఒక్కటి చాలు. ఇంగువ సంగతి చెప్పాను కదా.

ఏ మాట ఎక్కడ అనడానికి నా దగ్గర సూత్రమేదీ లేదు. ఆదివారం అవ్వ ఇంటికి వెళ్లి, పండుగకు అంటించిన ఎర్ర కాగితాలు, అవే "ఫై చొన్", ఏవి ఎక్కడ ఉన్నాయో చూడు. రాకపోకలు క్షేమమనే "చొట్ యప్ పింగ్ ఓన్" గుమ్మం దగ్గరా, ఎప్పుడూ నిండుగా ఉండాలనే "సొంగ్ మూన్" బియ్యం డబ్బా మీదా కనిపించవచ్చు. ఆ రెండింటినీ తారుమారు చేస్తే ఏమవుతుందని అవ్వనే అడుగు. మళ్లీ నవ్వుతుంది.