ఆలోచించి ఆలోచించి తెచ్చుకునే జబ్బు

జింబాబ్వేలో మాట్లాడే షోనా భాషలో ‘కుఫుంగ’ అంటే ఆలోచించడం. దానికి ‘ఇసిస’ తగిలిస్తే ‘కుఫుంగిసిస’, అంటే అతిగా ఆలోచించడం. మనం ‘ఆలోచించి ఆలోచించి బుర్ర వేడెక్కింది’ అన్నప్పుడు ఆ రెండో ‘ఆలోచించి’ ఏ పని చేస్తుందో, అక్కడ ఆ ప్రత్యయమూ అదే చేస్తుంది. జింబాబ్వేలో నిద్రపట్టనివాళ్లూ, ఊరికే ఏడుపొచ్చేవాళ్లూ క్లినిక్‌లో చెప్పుకునే మాట ఇదే. డిప్రెషన్‌కు అచ్చంగా సరిపోయే పదం వాళ్లకు లేదు. 2013లో అమెరికా సైకియాట్రిస్టుల సంఘం తెచ్చిన మానసిక రుగ్మతల వర్గీకరణ పుస్తకం డీఎస్ఎం-5 చివర్లో, వివిధ సంస్కృతులు బాధకు పెట్టుకున్న పేర్ల పట్టికలో దీన్నీ చేర్చారు.

ఈ మాటలో లక్షణంతో పాటు కారణం కూడా ఉంది: సమస్య తెగదు, ఆలోచన ఆగదు, ఒళ్లు చెడుతుంది. అలాంటప్పుడు చికిత్స సమస్య దగ్గరే మొదలవ్వాలి కదా! ఇది చేతబడా, పూర్వీకుల కోపమా అని రోగితో వాదనకు దిగే వైద్యుడికి ఉన్న కాస్త సమయమూ అక్కడే ఖర్చవుతుంది.

2006లో సైకియాట్రిస్టు డిక్సన్ చిబాండా ఆ దేశ రాజధాని హరారేలో, ఎంబారే అనే పేటలో 14 మంది బామ్మలతో పని మొదలుపెట్టాడు. క్లినిక్ ఆవరణలో ఒక బెంచీ, దాని మీద బామ్మ, పక్కన రోగి, మాటలే చికిత్స. ‘మానసిక ఆరోగ్య బెంచీ’ అంటే ఎవరూ కూర్చోలేదు. పేరు మార్చమన్నది బామ్మలే. కొత్త పేరు ‘చిగారో చెకుపనమజానో’. ‘కుప’ అంటే ఇవ్వడం, ‘కుపన’ అంటే ఒకరికొకరు ఇచ్చుకోవడం. ఆలోచనలు ఇచ్చిపుచ్చుకునే బెంచీ అన్నమాట.

ముందు 14 ప్రశ్నలు, అవును-కాదు జవాబులు. తొమ్మిదో, అంతకన్నా ఎక్కువో అవునులు వస్తే బెంచీ. చచ్చిపోవాలనిపిస్తోందని చెప్తే మాత్రం బామ్మ సొంతంగా నడపదు, పైవాళ్లకు పంపుతుంది. మొత్తం ఆరు సిట్టింగులు, ఒక్కొక్కటి ముప్పావుగంట. మొదటి దశ ‘కువురా ప్ఫుంగ్వా’, మనసు తెరవడం: ఉన్న సమస్యలన్నీ బయట పెట్టించి, వాటిలో ఒక్కటి రోగి చేతే ఎంపిక చేయించాలి.

చాలాసార్లు పని చెడేది ఇక్కడే. ‘డబ్బుల్లేవు’ అనేది సమస్య కింద పనికిరాదు, మరీ పెద్దది. ‘నెలాఖరులోగా అద్దె బాకీ’ పనికొస్తుంది. హెచ్ఐవీ పోదు, మాత్రలు మానేయడం మాత్రం సరిచేయొచ్చు. తర్వాత దారులు రోగి నోటే రావాలి. ‘ఇంటి ఓనరుతో మాట్లాడతా’ అంటే చాలదు. ‘బుధవారం పొద్దున వెళ్లి రెండు వాయిదాలు అడుగుతా’ అనాలి. కుదరకపోతే వచ్చేవారం ఏది అడ్డొచ్చిందో చూసి ఇంకో దారి పడతారు. రెండో తప్పు బామ్మది: సలహా ఇచ్చేయడం. పెద్దవాళ్లకు అది ఆపుకోవడం ఎంత కష్టమో మనకు వేరే చెప్పాలా! సలహా చొప్పున నడిచినవాడికి పని జరిగినా, తన చేతుల్లో ఏదో ఉందన్న నమ్మకం రాదు. ‘కుపన’లోని ఆ ‘అన’ ప్రత్యయం అందుకే నాకు అంత ఇష్టం.

2016లో ‘జామా’ అనే అమెరికా వైద్య పత్రికలో ఈ బెంచీని పరీక్షించిన ఫలితాలు వచ్చాయి. 24 క్లినిక్‌లు, 573 మంది. ఆరు నెలల తర్వాత ఆ 14 ప్రశ్నల్లో అవునుల సగటు, కాస్త మెరుగుపరచిన మామూలు వైద్యం పొందినవాళ్లది 8.90, బెంచీ వాళ్లది 3.81.

ఆ ప్రశ్నావళి తర్జుమా సరుకు కాదు. 1990లలో సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ బృందం హరారేలో రోగుల సొంత మాటలు ఏరి కట్టినది. ఆయనే తర్వాత గోవాలో పనిచేశాడు. అక్కడి రోగుల నోట ‘టెన్షన్’. అక్కడ పెట్టుకున్న పద్ధతీ వేరే: మానేసిన పనులను ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టించడం.